ఇద్దరికీ కలిపి ఒకటే హద్దు

ఆర్డిస్ గొంతు హెరాన్ బే ఊరందరికీ తెలుసు. సరస్సు గడ్డకట్టి గాలి కూడా కదలని శీతాకాలపు ఉదయాల్లో ఆమె వంటింట్లోంచి "రేనో, పార ఎక్కడ పెట్టావ్?" అని అడిగితే, పక్క వీధిలో పాస్టర్ గారు తన పార ఎక్కడుందో చూసుకునేవారు. పుట్టుకతో వచ్చిన గొంతు కాదది. రెండో పెళ్లయ్యాక పెరిగిన గొంతు. రెండో మొగుడు రేనో ముప్పై ఏళ్లుగా కాగితం మిల్లులో పెద్ద మిషను పక్కన నిలబడి పనిచేస్తున్న మనిషి, వినికిడి చాలావరకు అక్కడే పోగొట్టుకున్నాడు. మామూలుగా మాట్లాడితే "ఆఁ?" అంటాడు. మళ్లీ చెబితే మళ్లీ "ఆఁ?" అంటాడు. మూడోసారికి నవ్వి తలూపేస్తాడు. ఆ తలూపడం చూస్తే ఆర్డిస్‌కి ఒళ్లు మండేది. వినపడకపోతే వినపడలేదని చెప్పడానికి ఏం రోగం?

ఎదురుగా నిలబడి మాట్లాడితే మాత్రం అతనికి అన్నీ తెలిసేవి. మిల్లు మోతలో మాట వినపడదు కాబట్టి అక్కడివాళ్లంతా పెదాలు చూసి మాట పట్టడం నేర్చుకుంటారు. శుక్రవారం సాయంత్రం చేపల వేపుడికి ఊరంతా క్లబ్బులో చేరితే, మిల్లువాళ్లు హాలు ఈ చివర్నించి ఆ చివరికి గొంతు ఎత్తకుండానే కబుర్లు చెప్పుకునేవారు. దూరపు బల్ల దగ్గర ఎవరో మొగుడూ పెళ్లాం గుసగుసగా తిట్టుకుంటుంటే రేనో ఇక్కడ కూర్చుని ప్లేటులో బంగాళాదుంపలు చూస్తూ నవ్వుకునేవాడు. అందుకని ఆర్డిస్ ఒక జాగ్రత్త నేర్చుకుంది. అతనికి తెలియకూడని మాటేదైనా ఉంటే వీపు తిప్పి మాట్లాడాలి.

అలాంటి మాటలు ఆమెకి రోజూ ఉండేవి. పొద్దున్నే, బయట ఇంకా చీకటి విడకముందే, వంటింట్లో దీపం వేసి, తన కాఫీ పొయ్యి మీద పెట్టి, సింకు దగ్గర కిటికీ వైపు తిరిగి నిలబడి వెండెల్‌తో మాట్లాడేది. వెండెల్ ఆమె మొదటి భర్త, చనిపోయి ఏళ్లయింది. దయ్యాలనీ ఆత్మలనీ నమ్మే రకం కాదు ఆర్డిస్, అలాంటివి చెప్పేవాళ్లని చూసి నవ్వే రకం. కాపురం చేసినంతకాలం పొద్దుటి కాఫీ దగ్గర ఇంటి లెక్కలన్నీ అతనికే అప్పజెప్పింది. మనిషి పోయాడు గానీ అలవాటు పోలేదు, అంతే. కూతురు మారిట్‌కి షుగర్ ఎలా ఉందో, ఖాతాలో ఎంత పడిందో మెల్లగా, దాదాపు పెదాల మీదే చెప్పేది. వెనకాల బల్ల దగ్గర రేనో తన గంజి తను తాగుతూ ఉండేవాడు. వీపు ఇటుంది, చెవులు పనిచేయవు, ఇంకేం భయం.

ఖాతా అంటే ఆమెకి వట్టి బ్యాంకు ఖాతా కాదు. వెండెల్‌కి పొట్టలో పుండు క్యాన్సరని తేలాక ఇన్సూరెన్స్ కొంత కట్టింది, మిగతాది బిల్లులై కవర్లలో ఇంటికి రావడం మొదలైంది. అతన్ని పాతిపెట్టిన వారంలోనే బాకీ వసూలు చేసేవాళ్లు ఫోన్ చేశారు. సరస్సు ఒడ్డున ఇల్లు అమ్మి ఆమె ఆ నోళ్లు మూయించింది. మారిట్‌కి చిన్నప్పటినుంచే షుగర్, బతికినంతకాలం ఇన్సులిన్ కావాలి. ఇంకోసారి ఆ కవర్లు నా గుమ్మం తొక్కకూడదు అని ఆర్డిస్ ఆ రోజే అనుకుంది. కౌంటీ రోడ్ల ఆఫీసులో, మంచు తోసే లారీలకి రేడియోలో దారి చెప్పే ఉద్యోగం ఆమెది. అక్కడి ఇన్సూరెన్స్‌లో మొదటి కొన్ని వేలు మనమే కట్టుకోవాలి. దానికి బదులుగా, వైద్యానికని పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతా ఒకటి ఇస్తారు. దానికి చట్టం ఒక హద్దు పెట్టింది. కుటుంబం మొత్తానికి ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లయితే ఏడాదికి ఎనిమిది వేల మూడువందల డాలర్లు. ఆర్డిస్ ఆ హద్దు అంచు దాకా నింపేది. శని ఆదివారాలు టూరిస్టుల కాటేజీల్లో దుప్పట్లు మార్చి, స్నానాల గదులు కడిగి ఇల్లు గడుపుకునేది. జీతంలోంచి మాత్రం ఖాతా నిండాల్సిందే.

రేనోది మిల్లు ఇన్సూరెన్స్, అతనొక్కడికే. అతనూ మిల్లులో ఇచ్చిన అలాంటి ఖాతాలోనే మూడు వేలు వేసుకున్నాడు. ఒంటరివాడి హద్దుకి అది లోపలే. ఇందులో వింతేం లేదు. ఆ ఇంట్లో అన్నీ రెండేసి ఉండేవి. కాఫీ కుండలు రెండు, ఎవరిది వాళ్లకి. గ్యారేజీలో పెద్ద ఫ్రీజర్లు రెండు, ఒకదాంట్లో అతను కొట్టిన జింక మాంసం, ఇంకోదాంట్లో ఆమె ఏరుకొచ్చిన పళ్లు, పిండిలో మాంసం కూరి కాల్చి పెట్టుకున్న పాస్టీలు. నడి వయసులో రెండో పెళ్లి చేసుకున్నవాళ్లు ఎవరి గిన్నెలు వాళ్లు తెచ్చుకుంటారు, కలపమని ఎవరూ అడగరు. కొత్త సంవత్సరం రోజున చర్చిలో ప్రార్థన అయ్యాక పెళ్లి చేసుకుని, యాలకుల రొట్టె పంచి, ఎవరి ఫ్రీజరు వాళ్లు తెచ్చి పెట్టుకున్నారు.

ఆ ఏడాది గడిచి, మార్చిలో ఇద్దరూ కలిసి మొదటిసారి పన్ను లెక్కలకి ఓడెట్ గారి దగ్గరికి వెళ్లారు. ఓడెట్ ఒకప్పుడు హైస్కూల్లో జమాఖర్చులు నేర్పిన టీచరు, ఊళ్లో సగం మంది ఆవిడ చేత చీవాట్లు తిన్నవాళ్లే. ఇప్పుడు మంగలి షాపు వెనక గదిలో కూర్చుని పన్నులు చూస్తుంది. ఇద్దరి జీతాల కాగితాలూ పక్కపక్కన పెట్టి, కళ్లజోడు పైకి తోసి, ఆవిడ రెండిటి మీదా అంకెలు వేలితో కలిపి చూసుకుంది. తర్వాత ఆర్డిస్ వైపు, ఆ తర్వాత రేనో వైపు చూసింది.

"తల్లీ, విడిగా చూస్తే నీదీ తప్పు కాదు, ఇతనిదీ తప్పు కాదు," అంది. "మీరు పెళ్లి చేసుకున్నారు చూడు, అక్కడొచ్చింది చిక్కు."

రేనోకి కనపడేలా మొహం ఎత్తి, ఒక్కో మాట విడదీసి చెప్పింది. భార్యాభర్తల్లో ఒకరికి కుటుంబం ఇన్సూరెన్స్ ఉంటే చాలు, ఇద్దరికీ కలిపి ఒకటే హద్దు. ఆ ఎనిమిది వేల మూడువందలూ ఆర్డిస్ ఒక్కతే నింపేసింది. రేనో వేసిన మూడు వేలూ దాని మీద పొంగి పొర్లినట్టే. అలాగే వదిలేస్తే ఆ మూడు వేల మీద ఏటా నూటికి ఆరు చొప్పున జరిమానా, తీసేదాకా పడుతూనే ఉంటుంది. పోనీలే అని మామూలుగా ఖాతా కార్డుతో తీసేసుకుంటే ఇంకా పెద్ద జరిమానా. హద్దు దాటి పడిందాన్ని, దాని మీద వచ్చిన లాభంతో సహా వెనక్కి ఇమ్మని ఖాతా ఉన్న బ్యాంకుకి విడిగా కాగితం పెట్టాలి. ఏప్రిల్ పదిహేను లోపల అయిపోవాలి. ఎవరి ఖాతాలోంచి తీయాలన్నది మీ ఇష్టం, కానీ ఇద్దరూ ఒక మాట మీద ఉండాలి. మాట కుదరకపోతే చట్టం చెరి సగం అంటుంది, అప్పుడు ఆర్డిస్ ఖాతాలోంచి నాలుగు వేల పైన పోతుంది.

"నాది తీసెయ్యండి," అన్నాడు రేనో. ఆవిడ మాట ఇంకా పూర్తి కాలేదు.

ఆర్డిస్‌కి ఊపిరి వచ్చింది. వచ్చినందుకు సిగ్గు కూడా వేసింది. ఆ సిగ్గు సర్దుకునేలోపే రేనో జేబులోంచి మడత పెట్టిన బిల్లొకటి తీసి, దీన్ని ఆ ఖాతాలోంచి తీసుకోవచ్చా అని అడిగాడు. పట్నంలో చెవుల డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకున్న బిల్లు అది. ఎప్పుడు వెళ్లాడో ఆర్డిస్‌కి తెలియదు. ఆ మూడు వేలూ చెవి మిషన్ల కోసం వేసుకున్నాడనీ తెలియదు. జత నాలుగు వేల చిల్లర, మిల్లు ఇన్సూరెన్స్ వాటికి ఒక్క డాలరూ ఇవ్వదు.

తీసిన డబ్బు చేతికొస్తుందిగా, పన్ను పోగా మిగిలింది ట్రక్కు గేరుబాక్సుకి సరిపోతుంది, చెవులకి వచ్చే ఏడాది మళ్లీ వేసుకుంటాను అన్నాడు రేనో. ఓడెట్ తల అడ్డంగా ఊపింది.

"వచ్చే ఏడాదీ ఇదే లెక్క నాయనా. ఈమె అంచుదాకా పోస్తున్నంత కాలం నీకు పోసుకునే చోటుండదు." ఆవిడ కాగితాలు దగ్గరికి లాక్కుంది. "అయినా దీనికింత ఆలోచన ఎందుకు? భార్య ఖాతాలోంచి భర్త చెవులకి కట్టొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది, పన్నూ పడదు."

"కుదరదు," అంది ఆర్డిస్. ఏడాదిగా పెంచుకున్న గొంతుతో అంది. "అది మారిట్ డబ్బు. దాంట్లో ఎవరూ చెయ్యి పెట్టడానికి లేదు."

ముందు గదిలో కత్తెర చప్పుడు ఆగిపోయింది. రేనో నవ్వి తలూపాడు. వినపడనప్పుడు ఊపే ఊపే, కానీ ఇది వినపడిందని ఆమెకి తెలుసు. ఓడెట్ ఇంకో కాగితం తీసింది. ఇద్దరి ఒప్పందం కాగితం మీద రాసి సంతకాలు తీసుకోవాలి, ఇవాళే పెట్టమంటారా అని అడిగింది. రేనో పెట్టేశాడు. ఆర్డిస్ మాత్రం ఇంటికెళ్లి చదివి పెడతానంది. ఎందుకలా అందో ఆమెకే తెలియదు. అతని డబ్బు పోయి తనది నిలిచే కాగితం మీద, అతని కళ్ల ముందు సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు.

దారిలో రేనో కోపంగా ఉంటే బావుండేది. ఉండలేదు. ఏదో పాత పాట కూనిరాగం తీస్తూ, శ్రుతి ఎక్కడికి పోతోందో తనకే తెలియక, ట్రక్కు నడిపాడు. ఇంటికొచ్చి ఆమె ఎక్కే మెట్ల మీద మంచు కూడా తోశాడు.

ఆ కాగితం వంటింటి సొరుగులో రోజుల తరబడి ఉండిపోయింది. ఆర్డిస్ లారీలకి దారి చెబుతూ తనలో తనే వాదించుకునేది. అతనేం చిన్నపిల్లాడా? చెవుల సంగతి ముందే చెప్పి ఏడవచ్చుగా? పొద్దున్న లేస్తే గొంతు చించుకుంటున్నాను, నాకు మాత్రం సరదానా? ఇలా ఎంత తిట్టుకున్నా లోపల ఒక లెక్క మాత్రం కదలకుండా ఉండేది. ఆ ఖాతాలో ఇప్పుడు ముప్పై వేల పైనే ఉంది. మారిట్ మందులకి ఎంత పోతుందో ఆమెకి కంఠతా వచ్చు. చెవులకి నాలుగు వేలు తీసినా మారిట్‌కి ఏ లోటూ రాదు. మరి కుదరదని ఎందుకరిచింది?

మారిట్ రెండు గంటల దూరంలో కాలేజీలో చదువుకుంటోంది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆర్డిస్ విషయం చెప్పింది. తప్పు లేదని కూతురి చేత అనిపించుకోవాలని చెప్పింది.

"అమ్మా, నా పేరు పెట్టి ఆయన్ని చెవిటివాణ్ణి చెయ్యకు," అంది మారిట్. "మొన్న ఆయన ఫోనెత్తితే నేను హాస్టల్లో అరిచిన అరుపుకి పక్కగది పిల్ల తలుపు కొట్టింది. నేనిప్పుడేం చావట్లేదు. చెవులు కొనిపెట్టు."

కూతురు అంత తేలిగ్గా తీసిపారేసేసరికి ఆర్డిస్‌కి చెప్పుకోవడానికి సాకు మిగల్లేదు. సాకు పోయాక అసలు సంగతి బయటపడింది. అది డబ్బు కాదు. రేనోకి చెవులొస్తే పొద్దున్న సింకు దగ్గర వెండెల్‌తో మాట్లాడటం ఎలా? వెనక బల్ల దగ్గరున్న మనిషి ప్రతి మాటా వింటుంటాడు. పక్కన కట్టుకున్న మొగుడు కూర్చుని ఉండగా పోయిన మొగుడికి కాఫీ కబుర్లు చెబుతోందని తెలిస్తే ఏ మగాడు సహిస్తాడు? సహించినా ఏం మొహం పెట్టుకుని చెబుతుంది? అతని చెవిటితనం మీద తన పొద్దుటి పూట అంతా ఆనుకుని ఉందని ఆమెకి అప్పుడు తెలిసింది. తెలిశాక తన మీద తనకే అసహ్యం వేసింది.

శనివారం సాయంత్రం ఎప్పటిలాగే పెరట్లో ఆవిరి స్నానాల కొట్టం, సౌనా, వేడి చేశారు. లోపల ఆవిరి, చీకటి. పై బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన, మొహాలు కనపడవు. ఆమె మెల్లగా, "రేనో, నాకు భయమేస్తోంది," అంది. అతను కాలిన రాళ్ల మీద నీళ్లు పోశాడు, రాళ్లు బుసకొట్టాయి. "నిన్ను పోగొట్టుకుంటానేమోనని కూడా భయమే," అంది. అతను ఒళ్లు తుడుచుకుంటూ, వేడి సరిపోయిందా అని అడిగాడు. ఆర్డిస్ గట్టిగా, సరిపోయిందని చెప్పింది. వినపడదని తెలిసే ఆ మాటలు అన్నాను కదా అనుకుంది. వినపడని మనిషితోనే మాట్లాడటం తనకి అలవాటైపోయింది, వెండెల్‌తోనూ ఇతనితోనూ. ఆ రెండో సంగతి ఆమె మనసులో ముల్లులా దిగింది.

సోమవారం ఆఫీసు నుంచి తిన్నగా మంగలి షాపు వెనక గదికి వెళ్లి కాగితం మీద సంతకం పెట్టింది. హద్దు మొత్తం ఆర్డిస్‌కి, పొర్లిన మూడు వేలూ రేనో ఖాతాలోంచి వెనక్కి. బ్యాంకుకి పోవాల్సిన కాగితం ఓడెట్ అప్పుడే పంపింది. గడువుకి ఇంకా వ్యవధి ఉందిగానీ బ్యాంకుల సంగతి చెప్పలేం అంది. ఆర్డిస్ లేవలేదు. కుర్చీ అంచున కూర్చుని పర్సు తెరిచి మూసింది.

"నా ఖాతాలోంచి అతని చెవులకి కట్టొచ్చన్నారు. దానికేం కాగితాలు కావాలి?"

"ఏమీ అక్కర్లేదు తల్లీ. కార్డిచ్చి కట్టు, బిల్లు దాచుకో," అంది ఓడెట్. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆర్డిస్ అక్కడినుంచే తన ఆఫీసులో జీతాలు చూసే అమ్మాయికి ఫోన్ చేసి, ఇకనుంచి నా జీతంలో ఖాతాకి కోసేది తగ్గించమని కూడా చెప్పింది. ఈ ఏడాది హద్దులో రేనోకీ కొంచెం చోటుండాలి.

మిషన్లు తీసుకోవడానికి వెళ్లిన రోజున కార్డు ఆర్డిస్ తీసింది. బిల్లు మీద అంకె చూసి రేనో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వద్దు, అది మారిట్‌ది అన్నాడు. మారిటే చెప్పింది, నువ్వు నోరు మూసుకుని చెవులు తెరువు అంది ఆర్డిస్. కౌంటరు వెనక అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. ఆర్డిస్ కార్డు గీసింది. ఆ ఖాతాలోంచి మారిట్‌కి కాకుండా బయటికి వెళ్లిన మొదటి డబ్బు అది. ఆకాశమేం కూలలేదు.

బయట పార్కింగులో నాలుగడుగులు వేసి రేనో ఆగిపోయాడు. కాలెత్తి మళ్లీ మంచులో పెట్టాడు, మళ్లీ ఎత్తి పెట్టాడు. "ఇది కరకరమంటుంది కదూ, మర్చేపోయాను," అన్నాడు. ఏమైంది అని ఆర్డిస్ తన మామూలు గొంతుతో అడిగేసరికి చెవులు మూసుకుని, అరవకు తల్లీ అన్నాడు. ఇద్దరూ ట్రక్కు పట్టుకుని నవ్వారు.

ఆ నవ్వు మర్నాటి పొద్దుటిదాకా నిలవలేదు. ఆర్డిస్ చీకట్లోనే లేచింది, వంటింట్లో దీపం వేసింది, కాఫీ పెట్టి సింకు దగ్గర నిలబడింది. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది, గంజిలో చెంచా తగిలింది. ఆమె పెదాలు బిగించి, కడిగిన కప్పునే మళ్లీ కడుగుతోంది. వెండెల్‌కి చెప్పాల్సింది చాలా ఉంది, అన్నిటికంటే ముందు ఆ నాలుగు వేల సంగతి. ఒక్క మాటా బయటికి రానివ్వలేదు. ఇక ఇంతేనేమో, ఇది కూడా వెళ్లిపోయింది అనుకుంది. ఏడుపొచ్చింది, మింగేసింది.

"ఏం, ఇవాళ వెండెల్‌తో మాట్లాడవా?" అన్నాడు రేనో.

కప్పు సింకులో పడింది. పగల్లేదు. ఆమె ఇటు తిరిగి, నీకెలా తెలుసని అడిగింది. అంత చిన్న గొంతుతో అతనితో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. రేనో చెంచాతో కిటికీ వైపు చూపించాడు. బయట చీకటి, లోపల దీపం. అద్దంలో ఆమె వీపు వెనకనున్న వంటిల్లంతా ఉంది. కాఫీ కుండలు రెండూ, బల్ల, బల్ల దగ్గర అతను. ఆమె మళ్లీ అటు తిరిగి చూసింది. అద్దం మధ్యలో తన మొహం, తన పెదాలు.

"ఎప్పటినుంచి?"

"పెళ్లయిన మర్నాటి నుంచి." అతను గంజి గిన్నె పక్కకి జరిపాడు. "నీ ఖాతాలో ఎంతుందో నాకు తెలుసు. నేను గురక పెడతానని ఆయనకి చాడీలు చెప్పావు, అదీ తెలుసు. ఫిబ్రవరిలో ఒకరోజు, ఇతను కూడా పోతే నేనేం చెయ్యాలి వెండెల్ అని అడిగావు. ఆ రోజు నాకు గంజి దిగలేదు."

నాది తీసెయ్యండి అని ఓడెట్ మాట పూర్తి కాకుండానే ఎందుకన్నాడో ఆర్డిస్‌కి ఇప్పుడర్థమైంది. ఆ ఖాతా ఎందుకు నిండుతోందో అతను ఏడాదిగా చదువుతూనే ఉన్నాడు.

రేనో రెండు చెవుల్లోంచీ మిషన్లు తీసి, సాసర్లో పెట్టి, సాసరు బల్ల మధ్యకి తోశాడు. తర్వాత కుర్చీ ఎత్తి, కిటికీకి వీపు పెట్టి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"కానివ్వు. అయ్యాక భుజం తట్టు," అన్నాడు.

గోడవైపు తిరిగిన ఆ వెడల్పు వీపుని ఆర్డిస్ చూస్తూ నిలబడింది. గోడ మీద ఏముందని చూస్తున్నాడు ఈ మనిషి, పాత క్యాలెండరు తప్ప? జలజలా కన్నీళ్లు వచ్చాయి, ఈసారి మింగలేదు. సాసరు తీసుకుని అతని దగ్గరికి వెళ్లి, ఒక మిషను తీసి చెవిలో పెట్టబోయింది. అది ఎడమ చెవిది, కుడి చెవిలో పట్టలేదు. విసుక్కుని, మార్చి, రెండూ పెట్టింది. అతను కదలకుండా కూర్చుని పెట్టించుకున్నాడు.

"వినపడుతోందా?" అని మెల్లగా అడిగింది.

"ఊఁ."

ఆమె సింకు దగ్గరికి వెళ్లలేదు. అతని వెనకే, కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడి, రోజూ మాట్లాడే గొంతుతోనే మొదలుపెట్టింది. "వెండెల్, ఖాతాలోంచి నాలుగు వేల మూడువందలు తీశాను. మారిట్‌కి కాదు. ఇతనికి. ఇంకా చాలా ఉందిలే, కంగారు పడకు." చెయ్యి అతని భుజం మీదికి జరిపింది. "ఇకనుంచి నేను చెప్పేవి ఇతను కూడా వింటాడు. నువ్వేమీ అనుకోకు."

రేనో తన కప్పు వెనక్కి చాపాడు. ఆర్డిస్ తన కుండలోంచే అందులో కాఫీ పోసింది.